నిద్ర స్కోర్ 82 వచ్చింది, మరి బండి మీద కన్ను ఎందుకు మూతపడింది? ఫిట్‌నెస్ బ్యాండ్ కొనేముందు, కొన్నాక

"అన్నా, మూడు వేల లోపు మంచి ఫిట్‌నెస్ బ్యాండ్ ఒకటి చెప్పు" అని చాలామంది అడుగుతున్నారు. ఒక మోడల్ పేరు చెప్పేసి ఎపిసోడ్ ముగించొచ్చు. కానీ ఆరు నెలల్లో ఆ మోడల్ పోయి ఇంకోటి వస్తుంది. అందుకే ఈరోజు పేర్లు కాదు, ఇంకో విషయం చెప్తాను. మీ చేతికున్న బ్యాండ్ దేన్ని నిజంగా కొలుస్తుంది, దేన్ని లెక్కగట్టి ఊహిస్తుంది? ఈ తేడా తెలియకపోతే ఏమవుతుందో మా ఇంట్లోనే చూశాను.

మాది కందుకూరు, శ్రీశైలం హైవే మీద. శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ 2008 మార్చిలో మొదలైనప్పటి నుంచి మా చుట్టుపక్కల ఊళ్లలో నైట్ డ్యూటీ మామూలైపోయింది. కార్గో, క్యాబ్, సెక్యూరిటీ, హౌస్‌కీపింగ్... విమానాలకి రాత్రీ పగలూ లేదు కాబట్టి వీళ్లకీ లేదు.

మా చిన్నాయన కొడుకు కూడా అక్కడే ఒక చోట సామాను ఎక్కించి దించే పని చేస్తాడు. రాత్రి 10 నుంచి పొద్దున 6 వరకు డ్యూటీ. ఇంటికొచ్చి, టిఫిన్ తిని, 8 గంటలకి పడుకుంటాడు. మధ్యాహ్నం 3 కి లేస్తాడు. నిద్ర సరిపోతుందో లేదో చూసుకుందామని ఒక బ్యాండ్ కొన్నాడు. వారం తిరక్కుండానే ఫోన్ పట్టుకుని వచ్చాడు. "అన్నా, చూడు, 82 వచ్చింది. ఇంటర్‌ల కూడా నాకు గిన్ని మార్కులు రాలే!" ఇద్దరం నవ్వుకున్నాం.

ఆ 82 చూసుకుని ధైర్యంగా ఒకరోజు నాలుగు గంటల ఓవర్‌టైమ్ ఒప్పుకున్నాడు. పొద్దున 10 దాటాక బైక్ మీద బయలుదేరాడు. ఔటర్ రింగ్ రోడ్డు మీద బైకులకి పర్మిషన్ లేదు కదా, సర్వీస్ రోడ్డు మీదుగా తుక్కుగూడ దాకా వచ్చి హైవే ఎక్కాడు. తుక్కుగూడ దాటాక ఒక్క క్షణం కన్ను మూతపడింది. బండి రోడ్డు దిగి మట్టిలో పడింది. మోకాలు చీరుకుపోయింది, అద్దం విరిగింది. వెనక లారీ ఏదీ లేదు కాబట్టి అంతటితో పోయింది. కట్టు కట్టించుకుని ఇంటికొచ్చాక నన్ను అడిగిన మొదటి మాట: "అన్నా, 82 ఉండంగ నిద్రెట్ల పట్టింది?"

ఈ ఎపిసోడ్ మొత్తం ఆ ప్రశ్నకి జవాబే.

బ్యాండ్ లోపల ఏముంది?

ముఖ్యంగా రెండు సెన్సర్లు. ఒకటి యాక్సిలరోమీటర్. చెయ్యి ఎటు, ఎంత కదిలిందో చూస్తుంది. మీ ఫోన్ అడ్డం తిప్పితే స్క్రీన్ తిరుగుతుంది చూడండి, అదే సెన్సర్. రెండోది బ్యాండ్ వెనక వెలిగే పచ్చ లైట్. రక్తం పచ్చ కాంతిని పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ మణికట్టులో రక్తం కాస్త పెరిగి తగ్గుతుంది, తిరిగొచ్చే కాంతి కూడా ఆ లెక్కనే మారుతుంది. ఆ మార్పుని లెక్కపెడితే పల్స్.

ఇక నిద్ర సంగతి. హాస్పిటల్లో నిద్ర పరీక్ష చేస్తే తలకి వైర్లు పెట్టి మెదడు తరంగాలు చూస్తారు, కళ్ల కదలిక చూస్తారు, గడ్డం కింద కండరం చూస్తారు. మనిషి నిద్రలో ఉన్నాడా, ఉంటే ఏ దశలో ఉన్నాడు అన్నది వాటిని బట్టి తేలుస్తారు. చేతికి కట్టుకున్న బ్యాండ్‌కి ఈ మూడూ కనిపించవు. "చెయ్యి కదలట్లేదు, పల్స్ తగ్గింది, అంటే పడుకున్నాడేమో" అని సాఫ్ట్‌వేర్ ఒక అంచనా వేస్తుంది. అంతే.

నేను సాఫ్ట్‌వేర్‌లో పనిచేసినవాణ్ణి కాబట్టి ఇక్కడ ఒక చిన్న కిటుకు చెప్తాను. ఒక మనిషి 8 గంటలు మంచం మీద ఉండి, అందులో 7 గంటలు నిద్రపోయాడనుకుందాం. నేను ఏ సెన్సరూ లేకుండా, 8 గంటలూ "నిద్రలోనే ఉన్నాడు" అని చెప్పే ప్రోగ్రామ్ ఒకటి రాశాను. దాని యాక్యురసీ ఎంత? 8 కి 7, అంటే 87.5 శాతం! ఏమీ కొలవకుండానే 87.5. అందుకే డబ్బా మీద "90 శాతం యాక్యురసీ" లాంటి మాట కనిపిస్తే పడిపోకండి. అడగాల్సింది ఒక్కటే: మనిషి కదలకుండా మెలకువగా పడుకున్నప్పుడు అది పట్టుకోగలదా? చేతి బ్యాండ్లన్నిటికీ బలహీనత అక్కడే. నిద్రని బాగానే పడతాయి, మెలకువని సరిగా పట్టవు.

మా తమ్ముడికి జరిగింది ఇదే. పగటిపూట రేకుల రూమ్, బయట ట్రాక్టర్ చప్పుడు, పిల్లల గోల, ఎండ. నిద్ర పట్టదు, కానీ ఒళ్లు అలిసిపోయింది కాబట్టి కదలకుండా పడుంటాడు. బ్యాండ్ దాన్ని కూడా నిద్ర ఖాతాలో వేసేసింది.

నోట్‌బుక్ పరీక్ష

అయితే బ్యాండ్ పడేయాలా? అక్కర్లేదు. కొన్న మొదటి వారం ఒక చిన్న పరీక్ష పెట్టండి. లేవగానే, యాప్ ఓపెన్ చేయకముందే, ఒక కాగితం మీద మూడు రాయండి: ఎప్పుడు పడుకున్నాను, సుమారుగా ఎంతసేపు నిద్ర పట్టి ఉంటుంది, ఇప్పుడు ఒళ్లు ఎలా ఉంది. తర్వాత యాప్ చూడండి. ఈ వరుస ముఖ్యం. ముందు స్కోర్ చూస్తే మీ ఒళ్లు కూడా స్కోర్ చెప్పినట్టే అనిపిస్తుంది.

మా తమ్ముడితో ఇది చేయించాను. వీక్లీ ఆఫ్ రోజు రాత్రి పడుకున్నప్పుడు కాగితం, బ్యాండ్ దాదాపు ఒకటే చెప్పాయి. డ్యూటీ దిగి పగలు పడుకున్న రోజుల్లో మాత్రం కాగితం నాలుగున్నర గంటలు అంటే బ్యాండ్ ఆరు గంటల పైన చూపించింది. మన అంచనా కూడా గడియారం కాదు, అది నిజమే. కానీ రోజూ ఒకే వైపు గంటన్నర తేడా వస్తోందంటే మీ విషయంలో బ్యాండ్ ఎక్కడ తప్పుతుందో తెలిసిపోయినట్టే. రిటర్న్ గడువు ఉండగానే ఈ పరీక్ష చేసుకోండి.

ఏ నంబర్‌ని ఎంత నమ్మాలి?

నమ్మదగ్గవి: కూర్చుని ఉన్నప్పటి పల్స్. 2017లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్లు ఏడు బ్యాండ్లు, వాచ్‌లు పరీక్షిస్తే ఆరింటిలో పల్స్ తేడా 5 శాతం లోపే వచ్చింది. అడుగుల లెక్క కూడా మామూలు నడకకి ఫర్వాలేదు. అయితే ట్రాలీ తోసేటప్పుడు చెయ్యి ఊగదు, కాబట్టి ఆ అడుగులు కొన్ని లెక్కకి రావు.

వారానికోసారి చూడాల్సినవి: మొత్తం నిద్ర గంటలు, నిద్రపోయే టైమ్, రెస్టింగ్ హార్ట్ రేట్. ఒక్కరోజు నంబర్‌తో పనిలేదు. పోయిన వారం కంటే ఈ వారం ఎటు పోతోందో చూడండి. తప్పు తూచే త్రాసు అయినా రోజూ ఒకేలా తప్పు తూస్తే, బరువు పెరిగిందో తగ్గిందో చెప్తుంది కదా, అలాగన్నమాట.

పట్టించుకోకూడనివి: ముందుగా క్యాలరీలు. అదే స్టాన్‌ఫర్డ్ పరీక్షలో క్యాలరీల లెక్క అన్నిటికంటే బాగా చెప్పిన పరికరమే సగటున 27 శాతం తప్పింది, అన్నిటికంటే ఘోరమైనది 93 శాతం. "400 క్యాలరీలు కరిగించా" అని రెండో ప్లేట్ బిర్యానీ చెప్పకండి. తర్వాత డీప్ స్లీప్ 52 నిమిషాలు, ఆర్ఈఎమ్ 71 నిమిషాలు లాంటివి. వైర్లు లేకుండా నిమిషాల లెక్క అంటే అంచనా మీద ఇంకో అంచనా.

ఒకటి మాత్రం గట్టిగా చెప్తున్నా. సూది గుచ్చకుండా షుగర్ చూపిస్తామనే వాచ్‌లని ముట్టుకోకండి. అలాంటి వాచ్ గానీ, రింగ్ గానీ దేనికీ తాము అనుమతి ఇవ్వలేదని అమెరికా ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో హెచ్చరిక జారీ చేసింది. ఇంట్లో షుగర్ ఉన్న పెద్దవాళ్లు ఆ నంబర్ చూసి మందు డోసు మార్చుకుంటే ప్రాణం మీదికి వస్తుంది.

ఇక 10,000 అడుగుల టార్గెట్. 1965లో జపాన్‌లో ఒక కంపెనీ "మన్‌పో కేయ్" అనే అడుగుల మీటర్ అమ్మింది. ఆ మాటకి అర్థమే పదివేల అడుగుల మీటర్ అని. అమ్మకం కోసం పెట్టిన పేరు, మన టార్గెట్ అయి కూర్చుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దవాళ్లకి చెప్పింది వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఒక మోస్తరు వ్యాయామం. రాత్రంతా బరువులు మోసినవాడు ఇంటికొచ్చి మిగిలిన రెండు వేల అడుగుల కోసం నిద్ర మానుకుని వాకింగ్ చేయక్కర్లేదు.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. స్కోర్ తగ్గిందన్న టెన్షన్‌తోనే నిద్ర పట్టనివాళ్లు ఉన్నారు. 2017లో అమెరికాలో పరిశోధకులు దీనికి ఆర్థోసోమ్నియా అని పేరు కూడా పెట్టారు. మీకూ అలా అనిపిస్తుంటే ఒక నెల స్కోర్ నోటిఫికేషన్ ఆపేయండి.

కొనేటప్పుడు ఏం చూడాలి?

బ్యాటరీ వారం రోజులైనా రావాలి. రోజూ ఛార్జింగ్ అయితే రాత్రిపూట తీసి పెడతారు, ఇక నిద్ర లెక్క ఎక్కడిది? బరువు తక్కువ, స్ట్రాప్ మెత్తగా ఉండాలి. షిఫ్టుల్లో పనిచేసేవాళ్లైతే పగటి నిద్రని పూర్తి నిద్రగా రాస్తుందా, కునుకు కింద తోసేస్తుందా అన్నది రివ్యూల్లో వెతకండి. జీపీఎస్ రన్నింగ్, సైక్లింగ్ చేసేవాళ్లకే అవసరం. మిగతావాళ్లు దానికోసం ఎక్కువ డబ్బు పెట్టక్కర్లేదు. యాప్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఏ పర్మిషన్లు అడుగుతోందో చదవండి. అడుగులు లెక్కపెట్టడానికి మీ కాంటాక్ట్స్ ఎందుకు? డేటా డిలీట్ చేసే ఆప్షన్ ఉందో లేదో చూసుకోండి.

వాడేటప్పుడు మణికట్టు ఎముకకి ఒక వేలు పైన, జారకుండా కట్టుకోండి. వదులుగా ఉంటే బయటి వెలుతురు లోపలికి పోయి పల్స్ తప్పుతుంది. అక్కడ నల్లటి టాటూ ఉంటే ఇంకో చేతికి పెట్టుకోండి. ఫోన్ సెట్టింగ్స్‌లో ఆ యాప్‌కి బ్యాటరీ రిస్ట్రిక్షన్ తీసేయండి, లేకపోతే సింక్ ఆగిపోతుంది. వైబ్రేషన్ అలారం వాడండి, రూమ్‌లో పడుకున్న పక్కవాడి నిద్ర చెడగొట్టకుండా లేవొచ్చు.

బ్యాండ్ చూపించని నంబర్

ఇప్పుడు తమ్ముడి ప్రశ్నకి వద్దాం. ఆ రోజు కోసం స్కోర్ అక్కర్లేదు, వేళ్ల మీద లెక్క చాలు. ముందురోజు మధ్యాహ్నం 3 కి లేచాడు. మర్నాడు పొద్దున 10 దాటాక బండి ఎక్కాడు. అంటే 19 గంటలకి పైగా మెలకువ. వరసగా 17 గంటలు మేలుకున్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్న మనిషితో సమానంగా పడిపోతుందని పరీక్షల్లో తేలింది. మన దేశంలో డ్రైవింగ్‌కి చట్టం పెట్టిన హద్దు 0.03 శాతం. మావాడు చుక్క తాగలేదు. డ్రంకన్ డ్రైవ్ మిషన్‌లో ఊదితే సున్నా వస్తుంది. కానీ మెదడు మాత్రం ఆ హద్దు దాటేసింది. దానికి తోడు అంతకుముందు పడుకున్నది బ్యాండ్ చెప్పినంత కాదు, నాలుగున్నర గంటలే.

అందుకే ఇప్పుడు వాడికి ఒకటే రూల్. లేచి 16 గంటలు దాటితే బండి తాళం జేబులోంచి తీయకూడదు. అక్కడే ఇరవై నిమిషాలు కునుకు తీసి, ముఖం కడుక్కుని, షేరింగ్ క్యాబ్‌లో వస్తాడు. బైక్ అక్కడే ఉంటుంది. ఇంట్లో చిన్నమ్మ కిటికీకి మందం దుప్పటి కట్టింది. వాడు పడుకున్నప్పుడు ఫోన్ ఆమె దగ్గరే. బ్యాండ్ తీసేయలేదు, ఆదివారం ఒక్కసారి వారం మొత్తం గంటలు చూసుకుంటాడు. పెద్దవాళ్లకి రోజుకి కనీసం 7 గంటల నిద్ర కావాలి, దానికి ఎంత తక్కువ పడుతున్నాడో తెలియడానికి.

చివరిగా ఒక మాట. గట్టిగా గురక, నిద్రలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేవడం, ఎంత పడుకున్నా పగలంతా మత్తు... ఇవి ఉంటే వాచ్ మార్చడం కాదు, డాక్టర్‌ని కలవండి. శామ్‌సంగ్, యాపిల్ వాచ్‌లలో నిద్రలో ఊపిరి ఆగే లక్షణాలు పసిగట్టే ఫీచర్లకి 2024లో ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. అవి కూడా "ఒకసారి చూపించుకో" అని చెప్పేవే, జబ్బు తేల్చేవి కావు.

మీ ఇంట్లో, మీ రూమ్‌లో నైట్ డ్యూటీ చేసేవాళ్లు ఎవరైనా ఉంటే ఈ ఎపిసోడ్ పంపండి. వాళ్లు డ్యూటీ దిగగానే "స్కోర్ ఎంత?" అని కాదు, "నిన్న ఎన్నింటికి లేచినవ్?" అని అడగండి.