అక్షరాలకు సోకు మంచిదే.. పేరు మాత్రం పోవద్దు

పెండ్లి కార్డు జూస్తే ముందుగాల కండ్లవడేది అక్షరాల సోకే. తలకట్టు తీగ లెక్క సాగుతది, కొమ్ము మెలి తిరుగుతది. గిప్పుడు కార్డులు, ఫ్లెక్సీలు, వాట్సాప్ స్టేటస్‌లు ఊర్లల్ల పోరగాళ్లే తయారు జేస్తున్నరు. గందుకే ఈ సోకుల ఫాంటు సంగతేందో జర తెలుసుకోవాలె.

ఇంగ్లీషుకు చిన్నయి, పెద్దయి కలిపి 52 అక్షరాలు గీస్తే సగం పని అయినట్టే. తెలుగుకు గట్ల గాదు. గుణింతాలుంటయి, వత్తులుంటయి. లెక్కకు 36 హల్లులకు 36 వత్తులు అనుకున్నా 1,296 జంటలైతయి. గివన్నీ విడివిడిగ గీసుకుంట కూసోరు. అక్షరం వేరే, వత్తు వేరే గీసి, ఏది యాడ కూసోవాల్నో ఫాంటు లోపల్నే రూల్స్ రాస్తరు. ఓపెన్‌టైప్ అంటే గదే. సోకు పెరిగినకొద్ది తిప్పలు పెరుగుతయి. తోక పొడుగైతే పక్క అక్షరానికి తాకుతది. వత్తు కిందికి జారితే కింది లైన్ల గుడిని గుద్దుతది.

ఇంకో చిక్కున్నది. మన అక్షరాలల్ల తేడా చిన్నగుంటది. 'ద' కింద గీత వెడితే 'ధ', 'ప' కింద వెడితే 'ఫ'. 'వు'కు, 'మ'కు తేడా ఇంతే. మెలికలు ఎక్కువైతే ఆ చిన్న గీతే మాయమైతది. మనిషి పేరే మారిపోతది.

సోకుల ఫాంట్లు పైసల్లేకుంట గూడ దొరుకుతయి. అప్పాజీ అంబరీష దర్భ 2013ల జేసిన రవిప్రకాష్, లక్కిరెడ్డి ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌ల ఉన్నయి. ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కాబట్టి దుకాణం పనికి గూడ వాడుకోవచ్చు. ఫాంటును ఒక్కదాన్నే అమ్ముకునుడు మాత్రం కుదరదు. ఇవి యూనికోడ్ ఫాంట్లు. పాత డీటీపీ ఫాంట్లల్ల కొట్టినది, ఆ ఫాంటు లేని ఫోన్లకు పోతే పిచ్చి గీతలైతది, వెతికితే దొరకదు.

వాడే పద్ధతి అల్కగనే ఉంటది. సోకుల ఫాంటు పేర్లకు, హెడ్డింగుకే. ముహూర్తం, అడ్రసు, ఫోన్ నంబరు సాదా ఫాంటులనే పెట్టాలె. ఫాంటు దించుకోంగనే 'జ్యోత్స్న', 'లక్ష్మి', 'కృష్ణ' అని కొట్టి సూడుండ్రి. వత్తు కిందికి పోకుంట పొల్లుతోని పక్కకు నిలవడితే ఫాంటుల గాని, సాఫ్ట్‌వేర్‌ల గాని లోపమున్నట్టు. పాత ఫోటోషాప్‌ల అయితే సౌత్ ఏషియన్ భాషల సెట్టింగ్ ఆన్ జేయాలె.

దశదినకర్మ కార్డుకు మెలికల అక్షరాలు అస్సలొద్దు. పోయినోళ్ల పేరు సక్కగ కనవడుడే ఆడ మర్యాద.

ఆఖరికి ఒక్కటే పరీక్ష. అచ్చుకిచ్చే ముందు ఇంట్ల చదువొచ్చిన పెద్దమనిషికి సూపెట్టుండ్రి. కండ్లు చికిలించకుంట పేరు చదివితే కొట్టియ్యుండ్రి. తడబడితే ఫాంటు మార్చుండ్రి.