తాడుతో జాగ కొలత

మెట్టుగూడలో ఇంటి జాగను గజాల లెక్కన కొంటారు. ఒక జాగకు నాలుగు పక్కలూ పదేసి గజాలు అనుకోండి. అది 100 చదరపు గజాలేనా? అప్పుడే చెప్పలేం.

నాలుగు పక్కలుంటే చతుర్భుజం. ఎదురెదురు పక్కలు సమానమైతే సమాంతర చతుర్భుజం. పక్కలన్నీ సమానమైతే సమచతుర్భుజం. మూలలన్నీ మట్టంగా ఉంటే దీర్ఘచతురస్రం. ఈ రెండూ కుదిరితేనే చతురస్రం. అంటే చతురస్రం కూడా ఒక దీర్ఘచతురస్రమే! వింతగా ఉంది కదూ?

వదులైన నులకమంచం చూడండి. పక్కకు వాలుతుంది. పట్టెలు అవే, మూలలే మారాయి. జాగ కూడా అలా వాలి ఉండొచ్చు.

మూల నుంచి ఎదుటి మూలకు తాడు పట్టాలి. రెండుసార్లూ ఒకటే కొలత వస్తే చతురస్రం. ఒకటి 12, ఇంకోటి 16 గజాలు వస్తే? రెండింటినీ గుణించి సగం చేయాలి. 96 చదరపు గజాలే వస్తుంది. 100కు డబ్బు కడితే 4 గజాలు పోయినట్లే.