మొలకధాన్యములు – గింజ త్రాగు నీరు

శ్రావణమాసము వచ్చినదనగా మన యిండ్లలో నానిన శనగలకు కొదువ యుండదు. మంగళవారపు నోములు, వరలక్ష్మీవ్రతము, పేరంటములు, వాయనములు – సాయంకాలమగునప్పటికి కొంగున కట్టి తెచ్చిన శనగలు గిన్నెల నిండ చేరును. మొదటినాడు తాలింపు వేయుదుము. రెండవనాడు కూరలో కలుపుదుము. మూడవనాడు మూత తీసి చూచినచో మిగిలిన గింజలకు తెల్లని ముక్కులు పొడుచుకొని వచ్చి యుండును. “అయ్యో, మొలకలు వచ్చినవే!” యని పాఱవైచు నిల్లాండ్రను మేమెఱుగుదుము. పూర్వము మేమును పాఱవైచినవారమే. పెండ్లింట అంకురార్పణమని పాలికలలో నవధాన్యములు మొలిపించి మ్రొక్కు మనము, వంటింట మొలకను జూచి గింజ చెడినదనుకొనుట చిత్రము గాదా?

మొలకలను ఇంట పెంచు విధమును, వానివలని లాభమును, వానితో రాగల యపాయమును మా యనుభవముతో జోడించి సోదరీమణులకు విన్నవింతుము. లాభములను జెప్పువారు పలువురు కలరు గావున, అపాయమును గూర్చి కొంత విపులముగ వ్రాసిన మన్నింతురు గాక.

ఎండిన పెసరగింజ నిద్రించుచున్న ప్రాణి వంటిది. నీరు తగిలినంతనే మేలుకొని, తనలో దాచుకొన్న పిండిని, మాంసకృత్తులను కరగించి పుట్టబోవు మొక్కకు ఆహారముగ మార్చుకొనును. కడుపుబ్బరమును గలిగించు చక్కెరలు ఆ మార్పులో తగ్గును. ఇనుమును పట్టి విడువని ఫైటిక్ ఆమ్లము కొంత విఱిగి, ఆ యినుము మన దేహమునకు సులువుగ నందును. అన్నిటికంటె వింత యేమనగా, ఎండుగింజలో లేశమాత్రముగ నుండు విటమిన్ సి మొలకలో క్రొత్తగ పుట్టును. ఈ విటమిన్ ఇనుము ఒంటబట్టుటకు తోడ్పడునది. మన రాష్ట్రమున పదునైదు మొదలు నలువదితొమ్మిది యేండ్ల వఱకు గల స్త్రీలలో సగముకంటె నెక్కువమంది రక్తహీనత గలవారని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చినది. అట్టి మనకు గిన్నెడు మొలకలు చిన్న విషయము గాదు.

ఈ గుణమును లోకము గుర్తించినది యుద్ధకాలమున. మొదటి ప్రపంచయుద్ధములో మెసపొటేమియాకు పోయిన మన భారతీయ సైనికులు పచ్చికూరలు, పండ్లు లేక స్కర్వీ వ్యాధి పాలైరి. చిగుళ్ళు వాచి రక్తము కారుట, కీళ్ళు నొచ్చుట దాని లక్షణములు. మూటలలో పప్పుధాన్యములున్నను, ఎండుగింజ యా వ్యాధిని మాన్పలేకపోయెను. లండను నగరమునందలి లిస్టరు సంస్థలో హారియట్ చిక్, మారియన్ డెల్ఫ్ అను నిరువురు విదుషీమణులు ఈ విషయమును పరిశోధించి, అవే గింజలను నానబెట్టి మొలిపించినచో స్కర్వీని నివారించు శక్తి వానికి గలుగునని 1919లో ప్రకటించిరి. మూటలోనే యున్న మందు, నీటి కొఱకు కాచుకొని యుండెనన్నమాట!

మన యాయుర్వేదము మొలకెత్తిన ధాన్యమును ‘విరూఢ’మని పేర్కొని, అది గురువని, అనగా జీర్ణించుటకు శ్రమ కలిగించునదని చెప్పినది. పెద్దలు పచ్చిమొలకలను గుప్పిళ్ళతో తినుమనలేదు. ఈ మాట ఎంత విలువైనదో మాకు ఆలస్యముగ తెలిసివచ్చినది.

ఏలూరిలో నున్న కాలమున మేము మొలకలు పెంచుట నేర్చితిమి. విధము సులభము. సోలెడు పెసలను తీసికొని రాళ్ళను, పుచ్చులను, విఱిగిన బద్దలను ఏఱివేయవలెను. విఱిగిన గింజ మొలవదు సరిగదా, క్రుళ్ళి తక్కినవానిని చెఱచును. రెండు మూడు మాఱులు కడిగి, గింజలకు మూడింతల నీరు పోసి, వేసవిలో ఎనిమిది గంటలు, శీతకాలమున పదిపండ్రెండు గంటలు నానబెట్టవలెను. పిమ్మట ఆ నీటిని వంచి పాఱబోసి, మఱల కడిగి, ఉడుకబెట్టి యార్చిన పలుచని నూలుగుడ్డలో వదులుగ మూటగట్టి, చిల్లుల గిన్నెలో నుంచి మూతపెట్టవలెను. అడుగున నీరు నిలువరాదు. గింజకు తడియు గాలియు రెండును గావలెను. మునిగిన గింజ ఊపిరాడక కుళ్ళును. ఉదయము, మధ్యాహ్నము, సాయంకాలము మూట విప్పి కడిగి వడకట్టవలెను. పెసలు ఒక దినములోనే అరయంగుళము మొలక వేయును. బొబ్బర్లకు దినమున్నర, శనగలకు, ఉలవలకు రెండు దినములు పట్టును. చీనాదేశపు వంటలలో కనబడు పొడుగైన తెల్లని మొలకలు కావలెనన్నచో నాలుగైదు దినములు చీకటిలో నుంచి, మీద కొంచెము బరువు పెట్టవలెను. వెలుతురు తగిలిన మొలక పచ్చబడి చేదెక్కును.

విత్తుటకు తెచ్చిన గింజలను మాత్రము ఎన్నడును వాడరాదు. మన డెల్టాలో వరి వెనుక మినుము, పెసర పండించు నిండ్లలో విత్తనపుసంచులు ఇంటనే యుండును. వానికి మందు పట్టించి రంగు వేసియుందురు. ఎంత కడిగినను అవి తినదగినవి కావు.

మేము ఏలూరిలో నుండగనే 2020 డిసెంబరు 5వ తేదీని ఆ యూర జనులు ఉన్నట్టుండి మూర్ఛలతో పడిపోసాగిరి. కొలది దినములలో ఐదువందలకు మించినవారు ఆసుపత్రులలో చేరిరి. రోగుల రక్తములో సీసము, నికెలు కనబడెననియు, పురుగుమందుల శేషములు కారణమై యుండవచ్చుననియు నిపుణులు పలికిరి. ఆ దినములలో నీళ్ళబిందెను ముట్టుటకే చేయి వణకినది. నాటినుండి త్రాగునీటి విషయమున మిక్కిలి జాగ్రత్త వహించితిమి. కాని ఆ జాగ్రత్త గింజల గిన్నెకును వర్తించునని మాకు తోచలేదు.

తరువాత, ఉపాధ్యాయులగు మా వారికి కొల్లేటి లంకగ్రామ మొకదానికి బదిలీ యైనది. కొల్లేరు కృష్ణాగోదావరుల డెల్టాల నడుమ పల్లమున నున్న సరస్సు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు మున్నగునవి పైభూముల నీటిని దెచ్చి యందు విడుచును. వెలుపలికి పోవుటకు ఉప్పుటేరే త్రోవ. చేపలచెఱువుల నీరు, ఊళ్ళ మురుగు నందే చేరును. చుట్టును కనుచూపుమేర నీరే గాని, త్రాగుటకు బిందెడు నీరు డబ్బాలలో కొని తెచ్చుకొనవలెను. మేము డబ్బానీటిని కాచి త్రాగుచు, తక్కిన పనులకు గాబునీటిని వాడుకొనుచుంటిమి.

ఆ శ్రావణమున వానలు విడువక కురిసి, బాటమీదికి నీరు వచ్చెను. నాలుగు దినములు ఆకుకూర గాని, కాయ గాని ఊరిలోనికి రాలేదు. వాయనపు శనగలున్నవి గదా యని సంతసించి, పెసలను గూడ నానవేసి మొలకలు కట్టితిమి. విటమిన్ చెడకుండవలెనని, ఉడికింపక, బెల్లపుకోరు కలిపి పిల్లలకు పెట్టితిమి. కొంచెము జిగటగ నున్నట్లు తోచినను, వానకాలము గదా యని సరిపెట్టుకొంటిమి. మఱునాటి రాత్రికి మా చిన్నవానికి వాంతులు, విరేచనములు పట్టుకొన్నవి. బాటలేదు. ఓ.ఆర్.ఎస్. పొట్లమును కాచిన నీటిలో కలిపి, చెంచా చెంచాగ తెల్లవాఱులు పోసితిమి. కన్నులు లోతుకు పోయిన బిడ్డను ఒడిలో నుంచుకొని కూర్చున్న ఆ రాత్రి మా జన్మలో మఱువము. తెల్లవాఱిన పిదప ట్రాక్టరుమీద డాక్టరుకడకు గొనిపోతిమి. రెండు దినములకు బిడ్డ తేఱుకొనెను.

పొరుగున నుండు వృద్ధురాలు, చేపలు పట్టు నింటి మనిషి, పలుకరింప వచ్చి మా గాబువంక, మొలకల మూటవంక చూచి, “అమ్మగారూ, మీరు తాగే నీళ్ళు కాచుకుంటారు. మరి గింజ తాగే నీళ్ళో? గింజ కూడా తాగుద్ది కదా!” అన్నది. మేమెన్ని గ్రంథములు చదివియు తెలియని సంగతి యామె యొక్క మాటలో తేల్చినది. “నిజమే మామ్మా, మా తప్పే,” యంటిమి.

అందు శాస్త్రసత్యము గలదు. గింజ మొలచుటకు కావలసిన వెచ్చదనము, తడి, చీకటి – ఇవియే రోగక్రిములు పెరుగుటకును కావలసినవి. గింజపై నున్న కొలది క్రిములు రెండు దినములలో కోట్లగును. అవి గింజ పగుళ్ళలో దాగుకొనుటచే ఎంత కడిగినను పోవు. ఇది పేదల యిండ్ల ముచ్చట మాత్రమే గాదు. 2011లో జర్మనీదేశమున మెంతిమొలకలవలన ఒక క్రిమి వ్యాపించి మూడువేల యెనిమిదివందలకు పైగా జనులు రోగులైరి. ఏబదికి మించినవారు మృతినొందిరి. కనుక నీరు కాచినంతమాత్రమున చాలదు. మొలకను గూడ ఉడికింపవలెను.

ఇప్పుడు తాడేపల్లిగూడెములో మేము పాటించు నియమము లివి. గింజ కడుగుటకును, నానవేయుటకును, మొదటినుండి తుదివఱకు త్రాగునీరే; అదియు తెర్లకాచి చల్లార్చినదే. కాచుటచే క్రిములు చచ్చును గాని ఉప్పు, సీసము, పురుగుమందు పోవు గావున, త్రాగుటకు పనికిరాని నీటిని కాచి గింజకు పోయరాదు. మొలకలు కట్టుటకు ముందు చేతులు సబ్బుతో కడుగుకొందుము. జిగట, పుల్లని వాసన కనబడినచో జాలిలేక పాఱవైతుము. సిద్ధమైన మొలకలను వెంటనే వండుదుము. లేదా ఫ్రిజ్‌లో నుంచి మఱునాటికి ముగింతుము. పచ్చిమొలకలను పసిబిడ్డలకు, గర్భిణులకు, వృద్ధులకు, జబ్బుపడి లేచినవారికి బొత్తుగ పెట్టము.

“ఉడికించిన విటమిన్ పోదా?” యని యడుగవచ్చును. కొంత పోవును. దానికి ఉపాయము మన చేతిలోనే యున్నది. ఏలూరు నిమ్మకాయల వర్తకమునకు పేరుపడిన యూరు. పొయ్యినుండి దించి, కొంచెము చల్లాఱిన పిదప అరచెక్క నిమ్మకాయ పిండినచో పోయినది తిరిగి వచ్చును. మొలకలోని తక్కిన లాభములు, కడుపునకు తేలికయగుట, ఇనుమందుట, ఉడికినను నిలుచును.

వంటలు పలువిధములు. పెసరమొలకలను ఇడ్లీపాత్రలో ఎనిమిది పది నిమిషములు ఆవిరిపట్టి, ఆవాలు, జీలకఱ్ఱ, ఎండుమిర్చి, కరివేపాకుతో తాలింపు వేసి, కొబ్బరికోరు చల్లినచో పిల్లలు మాఱడుగుదురు. గూడెము ఉల్లిపాయల టోకు వర్తకమునకు పెట్టినది పేరు గావున, మా యింట సన్నగ తఱిగిన యుల్లి తప్పక పడును. అల్లము, పచ్చిమిర్చి చేర్చి రుబ్బి పెసరట్టు పోయవచ్చును. బొబ్బరమొలకలు వంకాయకూరలో కలియును. శనగలు, ఉలవలు గట్టివి. కుక్కరులో రెండు మూడు ఈలలు వచ్చువఱకు ఉడికించి గుగ్గిళ్ళు చేయవలెను. మిరియము, అల్లము, ఇంగువ వేసినచో, పెద్దలు చెప్పిన ‘గురుత్వము’ తగ్గును.

విత్తునకు తగిన చెట్టని మన సామెత. నీటికి తగిన మొలక యని మేము చేర్చుకొంటిమి. సోదరీమణులారా! ఈ శ్రావణమున మీ యింట మిగిలిన శనగలకు ముక్కులు పొడుచుకొని వచ్చినచో, వానిని జూచి వెఱవకుడు. అవి ఏ నీటిలో నానినవో మాత్రము జ్ఞాపకము తెచ్చుకొనుడు. మా చిన్నవాడిప్పుడు బడినుండి వచ్చి, “అమ్మా, గింజలకు నీళ్ళు కాచావా?” యని తానే యడుగును. ఆ ప్రశ్న ప్రతి వంటింటను వినబడవలెనని మా కోరిక.