గ్రంథమును ముందుంచుకొని

న్యూయార్కు నగరమందలి కొలంబియా కళాశాలలో చేరు విద్యార్థి, ముందు ముందు వైద్యుడు కాదలచినను, గణితజ్ఞుడు కాదలచినను, అర్థశాస్త్రము నభ్యసింపదలచినను, మొదటి సంవత్సరమున హోమరు మొదలుకొని షేక్‌స్పియరు వరకును, అటు తరువాతి నవలాకర్తల వరకును గల మహాగ్రంథములను వరుసగా చదివియే తీరవలెను. 1937లో ఏర్పడిన ఈ నియమము నేటికిని సడలలేదు. మానవీయ శాస్త్రములని మనము వ్యవహరించు సాహిత్యమును, తత్త్వమును, చరిత్రను, చిత్ర శిల్ప సంగీతాది కళలను విద్యార్థికి తొలిసారిగా పరిచయము చేయు పాఠ్యక్రమములు అమెరికాలో అనేకము కలవు. వానిలో కొలంబియావారి క్రమము మిక్కిలి ప్రసిద్ధమైనది; దాని కథ తెలిసికొన్నచో ఇట్టి చదువు ఎట్లుండవలెనో, ఎట్లుండరాదో కూడ మనకు బోధపడును.

దాని పుట్టుకకు మూలము ఒక యుద్ధము. మొదటి ప్రపంచ సంగ్రామమున అమెరికా ప్రవేశించినప్పుడు, సైనిక శిక్షణ పొందుచున్న విద్యార్థులకు ఆ పోరాటము ఎందులకో వివరించుటకై ‘యుద్ధ సమస్యలు’ అను పాఠ్యక్రమమును ఆ విద్యాలయమున నడిపిరి. యుద్ధము ముగిసినది. యుద్ధకారణములను బోధించినవారు శాంతికి కావలసిన వివేకమును బోధింపనక్కరలేదా యని అధ్యాపకులు తర్కించుకొని, 1919లో ‘సమకాలిక నాగరికత’ అను పాఠ్యక్రమమును స్థాపించి, విద్యార్థుల కందరకును దానిని నిర్బంధము చేసిరి.

ఆ రోజులలోనే జాన్ ఎర్‌స్కిన్ అను ఆంగ్ల సాహిత్యాచార్యుడు మరియొక ఆలోచన చేసెను. స్వదేశమునకు మరలుటకై వేచియున్న అమెరికా సైనికుల కొరకు ఫ్రాన్సు దేశమందలి బోన్ పట్టణమున నెలకొల్పిన విశ్వవిద్యాలయమున విద్యాభారమును వహించి వచ్చినవా డాతడు. వారమున కొక మహాగ్రంథము చొప్పున విద్యార్థులచే చదివించి, ఒక సాయంకాలము వారితో కూర్చుండి చర్చింపవలెనని అతని సంకల్పము. సహాధ్యాపకులు పలువురు ఎదురాడిరి. ఒక్కొక్క గ్రంథముపై జీవితమంతయు వెచ్చించినను తనివితీరని పండితులుండగా, వారము దినములలో హోమరును ముగించుట తగదని వారి ఆక్షేపణ. ఏ గ్రంథమునైనను ఎవ్వరైనను ఒకప్పుడు మొదటిసారి చదువక తప్పదనియు, ఈ గ్రంథములను వ్రాసినవారు పండితులను మాత్రమే ఉద్దేశించి వ్రాయలేదనియు ఎర్‌స్కిన్ వాదించెను. న్యాయము అతని పక్షముననే యున్నదని నా నమ్మకము. మన పల్లెలలో భారత భాగవతములను విని కన్నీరు పెట్టుకొన్నవారు వ్యాకరణము చదివి విన్నవారు కారు గదా! 1920లో ఆరంభమైన ఆ తరగతియే పెరిగి పెద్దదై, 1937లో హ్యుమానిటీస్ అను పేర అందరకును నిర్బంధమైనది. 1947లో చిత్రశిల్పములకును సంగీతమునకును వేరువేరు తరగతు లేర్పడినవి. ఎర్‌స్కిన్ శిష్యుడగు మార్టిమర్ ఆడ్లర్ ఈ పద్ధతిని షికాగోకు కొనిపోయెను.

తరగతి జరుగు తీరు గమనింపదగినది. ఒక బల్ల చుట్టును ఇరువదిమందికి కొంచెము అటునిటుగా విద్యార్థులు, వారి నడుమ ఒక అధ్యాపకుడు. ఉపన్యాసము లేదు, నోట్సు చెప్పి వ్రాయించుట లేదు. గ్రీకు భాషా పండితుడును, తత్త్వజ్ఞుడును, ఆంగ్లాధ్యాపకుడును తమ తమ తరగతులలో ఒకే కాలమున ఒకే గ్రంథమును చెప్పుదురు. ఎవ్వరును అన్నింటను నిష్ణాతులు కారు గనుక, వారమున కొకసారి తామును కలిసికొని పాఠమును గూర్చి ముచ్చటించుకొందురు. విద్యార్థి తెచ్చుకొనవలసినది చదివిన పుస్తకమును, అందులో తన్ను కలతపెట్టిన చోటును మాత్రమే.

మొదటి గ్రంథము ఇలియడ్. బందీయైన యొక స్త్రీని తననుండి లాగికొనిన అవమానమునకు అలిగి అకిలీసు యుద్ధము మానుటతో కథ మొదలగును. అతని ప్రాణమిత్రుడు పెట్రోక్లసు హెక్టరు చేత కూలును. అకిలీసు హెక్టరును చంపి, అప్పటికిని కసి తీరక, శవమును రథమునకు గట్టి ఈడ్చును. కడపటిదైన ఇరువదినాలుగవ సర్గమున, హెక్టరు తండ్రియగు ముదుసలి ప్రయాము రాత్రివేళ శత్రు శిబిరమునకు వచ్చి, తన కొడుకును చంపిన ఆ చేతులనే ముద్దిడుకొని, శవమును యాచించును. ప్రయాము కొడుకును తలచుకొని ఏడ్చును. అకిలీసు తన తండ్రిని తలచుకొని, మిత్రుని తలచుకొని ఏడ్చును. పిమ్మట శవమును ఇచ్చివేయును. ఇచ్చట అధ్యాపకుడు వేయు ప్రశ్న చిన్నది: అకిలీసు ఎందుచేత మెత్తబడెను? జాలిచేతనా, దేవతల ఆజ్ఞచేతనా, తన చావును దగ్గరలోనే యున్నదను ఎరుకచేతనా? దేవతలు ఆజ్ఞాపించిన మాట గ్రంథములోనే యున్నదని ఒక విద్యార్థి చూపును. ఆజ్ఞయే కారణమైనచో ఆ కన్నీరెందులకని మరియొకతె యడుగును. ప్రతి సమాధానమునకును పంక్తి చూపవలెను. చూపలేనివారు తమ మాటను విడువవలెను. తన యభిప్రాయమునకు ఆధారము చూపుటయు, ఎదుటివారి ఆధారము బలవత్తరమైనప్పుడు మనసు మార్చుకొనుటయు పదునెనిమిదేండ్ల వయసున ఈ విధముగా అలవడును.

తెలుగు చదువరికి ఈ ఘట్టమున స్త్రీపర్వము స్ఫురింపక మానదు. తిక్కన తెనుగు చేసిన ఆ పర్వమున గాంధారి యుద్ధభూమిలో కొడుకుల కళేబరముల నడుమ విలపించి, కృష్ణుని శపించును. హోమరు పగవా రిద్దరిని ఒకచోట కూర్చుండబెట్టి భోజనము చేయించును. ఒకే పుత్రశోకము ఒకచోట శాపముగను, వేరొకచోట క్షణకాలపు సంధిగను పరిణమించుట చూచిన విద్యార్థికి కలుగు ఎరుక, రెండు నాగరికతలను పోల్చు వ్యాసములను కంఠస్థము చేసినందువలన కలుగదు.

దీనికి భిన్నమైన పద్ధతియు అమెరికాలో విస్తారముగా కలదు. బరువైన పాఠ్యపుస్తక మొకటి గుహాచిత్రములతో మొదలై, పిరమిడ్లు, ఏథెన్సు దేవాలయములు, గోథిక్ చర్చీలు దాటి, ఒక యేడాదిలో పికాసో కడ ముగియును. విశాలమైన హాలులో తెరపై బొమ్మ వెనుక బొమ్మ నడచును. పరీక్షలో బొమ్మను చూచి కర్త పేరును కాలమును వ్రాయవలెను. ఏది ముందో ఏది వెనుకో తెలియుట అవసరమే. దానిని నేను కాదనను. కాని పుస్తకము వ్రాసినవారు విడిచినది విద్యార్థి పాలిటికి పుట్టనే పుట్టనట్లగును. హెచ్. డబ్ల్యు. జాన్సన్ రచించిన కళాచరిత్ర 1962లో వెలువడి కళాశాలలలో ఏండ్ల తరబడి పాఠ్యమైనది; ఆ తొలి కూర్పున స్త్రీ చిత్రకారిణి యొక్కతెయును లేదు.

కొలంబియావారి పట్టికకును ఈ దోషము అంటకపోలేదు. 1937 నాటి గ్రంథకర్త లందరును పాశ్చాత్య పురుషులే. ఆ కళాశాల 1983లో స్త్రీలను చేర్చుకొన్న పిమ్మట, 1985లో గాని జేన్ ఆస్టెన్ నవల పట్టిక కెక్కలేదు. వర్జీనియా వుల్ఫ్, టోనీ మోరిసన్ అటు తరువాత వచ్చినవారు. భగవద్గీతకును శాకుంతలమునకును కన్ఫ్యూషియసు సూక్తులకును 1940ల చివరనే వేరొక తరగతి ఏర్పడినను, అది అందరకును నిర్బంధము కాలేదు. స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున ఇట్టి వివాదమే ముదిరి, 1988లో ‘పాశ్చాత్య సంస్కృతి’ అను పాఠ్యక్రమమును తొలగించి, ఇతర సంస్కృతులకును చోటిచ్చు క్రొత్తదానిని నెలకొల్పుటకు నిర్ణయించిరి. పట్టిక మారినంతమాత్రమున విద్యకు హాని లేదు. ఏ గ్రంథము నిలువదగినది, ఎందుచేత, అని విద్యార్థులు వాదించుకొనుట కూడ ఆ విద్యలోని భాగమే.

భారతదేశమున ఈ ఆలోచన లేకపోలేదు. 1931 మొదలు 1936 వరకు ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు వైస్ ఛాన్సలరుగా నుండిన సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షతన 1948లో ఏర్పడిన విశ్వవిద్యాలయ విద్యా సంఘము, శాస్త్ర విద్యార్థికి సాహిత్య తత్త్వములును, సాహిత్య విద్యార్థికి విజ్ఞాన శాస్త్రమును పరిచయము కావలెనని 1949 నాటి నివేదికలో గట్టిగా చెప్పెను. ఐ.ఐ.టి.లలో ఇంజనీరింగు విద్యార్థులు సైతము మానవీయ శాస్త్రములలో కొన్ని పాఠ్యాంశములను తీసికొనవలసియున్నది. కాని మన తెలుగు రాష్ట్రములలో పదవ తరగతి ముగియగానే ఎం.పి.సి.యో బై.పి.సి.యో తీసికొను పదునైదు పదునారేండ్ల పిల్లలకు చరిత్ర ఆనాటితోనే ముగియుచున్నది. హెచ్.ఇ.సి. తీసికొన్నవారిని చూచి చుట్టములు జాలిపడుదురు. ద్వితీయ భాషగా తెలుగు మిగిలియున్నను, మార్కులు సులభముగా వచ్చునని సంస్కృతము నెంచుకొనువా రనేకులు; ఆ సంస్కృతమైనను కాళిదాసు రుచి తెలియుటకు కాక, ప్రశ్నలకు జవాబులు బట్టీపట్టుటకే పరిమితమగుచున్నది. ఇది నాకు మిక్కిలి బాధ కలిగించు సంగతి.

మన డిగ్రీ కళాశాలలలో మొదటి యేడాది, అన్ని గ్రూపులవారికిని, ఇట్టి తరగతి యొక్కటి యుండిన చాలును. ఉద్యోగపర్వమందలి రాయబారము, పాల్కురికి సోమనాథుని బసవపురాణము, వేమన పద్యములు, కన్యాశుల్కము, మద్రాసు ఎగ్మూరు మ్యూజియమునందలి అమరావతి శిల్పములు, లేపాక్షి వర్ణచిత్రములు, ఒక త్యాగరాజ కృతి, వీనికి తోడు ఇలియడ్ అనువాదము. మేఘసందేశమును, జాషువా 1941లో వెలువరించిన గబ్బిలమును ప్రక్కప్రక్కన ఉంచి చదివింపవలెను. కాళిదాసు యక్షుడు ప్రియురాలికి మేఘముచేత కబురంపును. జాషువా కావ్యమందలి అస్పృశ్యుడు కాశీ విశ్వనాథునికి గబ్బిలముచేత కబురంపును. ఏలన, గబ్బిలమునకు గుడిలో ప్రవేశము కలదు, ఆ మనుష్యునకు లేదు. ఈ రెండింటిని చదివిన ఎం.పి.సి. విద్యార్థికి ప్రశ్నలు తోచవని నేను నమ్మజాలను.

కళాశాలాధ్యాపకులకు నా మనవి యిది. ప్రభుత్వపు ఉత్తరువు వచ్చువరకు వేచియుండకుడు. ఇష్టపడిన ఇరువదిమందిని, ఏ గ్రూపువారైనను సరే, వారమున కొక సాయంకాలము లైబ్రరీలో కూర్చుండబెట్టుకొని, తలకొక ప్రతి చేతికిచ్చి, గబ్బిలముతో మొదలుపెట్టుడు.