భాషాకుటుంబములు, జీవవర్గములు : పాతపట్నపు సాక్ష్యము

గబ్బిలమునకు ఱెక్కలు గలవు. అయినను అది పక్షి కాదు. పిల్లలను కని పాలిచ్చును గావున జంతుశాస్త్రజ్ఞులు దానిని స్తన్యజీవులలో జేర్చిరి. పైకి గానవచ్చు పోలిక వేఱు, పుట్టుకవలని చుట్టఱికము వేఱు. 1859లో డార్విను గ్రంథము వెలువడిన పిమ్మట జీవుల వర్గీకరణమునకు వంశక్రమము ఆధారమయ్యెను. 1863లో జర్మను పండితుడు ష్లైఖర్ ఈ దృష్టిని భాషలకు సమన్వయించెను. గిడుగు వేంకట రామమూర్తిగారు జన్మించిన సంవత్సరమును అదియే.

ఈ శాస్త్రమునకు పాతపట్నపు ప్రాంతము చక్కని నిదర్శనము. మహేంద్రతనయా పరిసరములలో మూడు కుటుంబముల భాషలు వినవచ్చును. తెలుగు ద్రావిడము, ఒడియా ఇండో-ఆర్యము, సవర ముండా శాఖకు జెందినది. తెలుగున రెండు, మూడు. ఒడియాలో దుయి, తిని. సవరలో బాగు, యాగి. ఈ 'బాగు'నకు చుట్టములు సంతాలీలోని 'బార్', కాంబోడియావారి ఖ్మేరు వ్రాతలోని 'పీర్'. ఇవన్నియు ఆస్ట్రో-ఆసియా కుటుంబమునకు జెందినవి. సవరల సంప్రదాయ గణనమున 19ని పండ్రెండుమీద ఏడుగా జెప్పుదురు. ఇట్టి పద్ధతి తెలుగునగాని ఒడియాలోగాని లేదు.

అయితే జీవులకును భాషలకును ఒక భేదము గలదు. గబ్బిలము పక్షినుండి ఱెక్కలను అరువు దెచ్చుకొనలేదు. భాషయో పొరుగుభాషనుండి పదములను ధారాళముగ గ్రహించును. సంఖ్యావాచకములు సైతము ఒంటరిగ ప్రమాణములు గావు. కువిభాషలో మూడు మొదలగు సంఖ్యలు పెక్కుచోట్ల ఒడియానుండి వచ్చినవే. అయినను కువి ద్రావిడభాషయే. కావున సర్వనామములు, శరీరావయవముల పేర్లు, ప్రత్యయములు, క్రమబద్ధమైన ధ్వనిసంవాదములు, వీనినన్నిటిని కలిపి పరిశీలింపవలెను. సంస్కృతపదములు ఎన్ని యున్నను తెలుగు ధాతువులు సంస్కృతజన్యములు గావని 1816లో ఎల్లిసు నిరూపించినది ఇట్టి పరిశీలనముచేతనే.

రామమూర్తిగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగ నుండి సవరను నేర్చి, 1931లో దాని వ్యాకరణమును, 1938లో నిఘంటువును ప్రకటించిరి. 1936లో పర్లాకిమిడి ఒరిస్సా రాష్ట్రమున జేరెను. పాతపట్నము మద్రాసు రాష్ట్రముననే నిలిచెను. ఆ సరిహద్దు భాషల చుట్టఱికమును మార్పలేదు.

ఈ విషయము పండితుల చర్చకు మాత్రమే పరిమితము గాదు. సవర బాలుడు తెలుగు పాఠమున తడబడినప్పుడు, వాని యింటిభాషను చెడిన తెలుగుగా నెంచు ఉపాధ్యాయుడు గబ్బిలమును చెడిన పక్షి యనువానితో సమానుడు. ఆ బాలుడు తప్పు పలుకుటలేదు. ఒక భాషాకుటుంబమునుండి వేఱొక కుటుంబములోనికి అడుగిడుచున్నాడు. ఆ దూర మెంతయో తెలిసిన ఉపాధ్యాయుడే వానికి చేయూత నీయగలడు.