నీళ్ల రైలు ఎక్కడిదాకా వచ్చినట్టు?

వాతావరణ మార్పుల చర్చల్లో 'తట్టుకునే శక్తి' అనే మాట తరచూ వినబడుతోంది. కరువొచ్చినా, వరదొచ్చినా రవాణా వ్యవస్థ ఆగకుండా నడవడమే దాని అర్థం. ఆ శక్తిని ఎక్కడిదాకా కొలవాలన్నదే మా ప్రశ్న. మహారాష్ట్రలోని లాతూర్‌కు వెళ్లిన నీళ్ల రైలు దీనికి మంచి ఉదాహరణ.

లాతూర్ ఒకప్పటి నిజాం రాజ్యంలోని మరాఠ్వాడా ప్రాంతం. దానికి నీళ్లిచ్చే మాంజరా నదే మన దగ్గర మంజీరా. వరుస కరువులతో 2016లో ఆ నది మీది డ్యాం ఎండిపోయింది. నీళ్ల దగ్గర గొడవలు జరుగుతాయని మార్చిలో 144 సెక్షన్ పెట్టారు. ఏప్రిల్ 12న మిరజ్ నుంచి సుమారు 340 కిలోమీటర్లు దాటి, 10 వ్యాగన్లలో 5 లక్షల లీటర్ల నీళ్లొచ్చాయి. తర్వాత 50 వ్యాగన్లతో, ట్రిప్పుకు 25 లక్షల లీటర్ల చొప్పున తెచ్చారు.

ఇది రైల్వే సాధించిన పనే. ఈ దారిలో చాలా భాగం ఒకప్పుడు నారోగేజ్. దాన్ని అప్పటికే బ్రాడ్‌గేజ్‌గా మార్చి ఉండకపోతే ఆ వ్యాగన్లు లాతూర్ చేరేవే కావు.

ఇప్పుడు లెక్క చూద్దాం. 2011 జనగణన ప్రకారం లాతూర్ నగర జనాభా సుమారు 3.8 లక్షలు. ఒక ట్రిప్పు నీళ్లను సమానంగా పంచితే మనిషికి ఆరున్నర లీటర్లు. అర బిందె కూడా కాదు. ఇంత తక్కువ ఉన్నప్పుడు ఎంత తెచ్చారన్నదానికన్నా ఎవరికి అందిందన్నదే ముఖ్యం.

అదే జనగణనలో దేశం మొత్తం మీద 46.6 శాతం ఇళ్లకు ఆవరణలోనే తాగునీరు ఉంది. ఎస్సీ కుటుంబాల్లో అది 35.4 శాతమే. సంపు, డ్రమ్ములు ఉన్న ఇల్లు ట్యాంకర్ వచ్చినప్పుడు నింపుకుంటుంది. అవి లేని ఇంట్లో ఆడవాళ్లు కూలి మానుకుని బిందెతో నిలబడాలి. ట్యాంకర్ ముందు ఏ వీధిలో ఆగుతుందో, వాడకు ఎప్పుడొస్తుందో రైల్వే టైంటేబుల్‌లో ఉండదు.

మహాడ్ చవదార్ చెరువులో నీళ్లున్నాయి. అందరూ వాడుకోవచ్చని 1924లో మున్సిపాలిటీ తీర్మానమూ చేసింది. అయినా ఆ నీళ్లు తాగడానికి 1927 మార్చి 20న అంబేడ్కర్ వేలమందితో నడవాల్సి వచ్చింది.

అందుకే కరువు ప్రణాళికల్లో మూడు విషయాలు అడగాలంటాం. ఏ వాడకు ఏ రోజు ఎన్ని లీటర్లు చేరాయో బహిరంగంగా రాయాలి. పంపిణీ కమిటీల్లో దళిత మహిళలు ఉండాలి. ట్యాంకర్ మొదటి ట్రిప్పు నల్లా లేని వాడకే వెళ్లాలి. రైలు స్టేషన్ చేరితే సగం పనే అయినట్టు. నీళ్లు వాడలోని ఆఖరి ఇంటి బిందెలో పడ్డప్పుడే ఆ వ్యవస్థ కరువును తట్టుకున్నట్టు.