గుర్రం ఇచ్చిన విరుగుడు

పత్తి ఏరడం అయిపోయి కట్టె కొట్టేశాక పల్నాడు చేలల్లో నడవడం కష్టం. కొడవలితో ఏటవాలుగా నరికిన మోడు హవాయి చెప్పును కూడా చీల్చుకుని అరికాల్లో దిగుతుంది. పైకి కనిపించేది చిన్న గాటు, రక్తం కూడా పెద్దగా రాదు. రెండు రోజుల్లో పైచర్మం మూసుకుంటే మనిషి ఆ సంగతే మరిచిపోతాడు. మట్టిలో, పేడలో ఏళ్ళ తరబడి నిద్రాణంగా పడి ఉండే ధనుర్వాత బాక్టీరియాకు సరిగ్గా ఇలాంటి చోటే కావాలి. గాలి సోకని లోతులో అది మేల్కొని విషం తయారుచేస్తుంది. ఆ విషం మనిషిని చంపడానికి మిల్లీగ్రాములో అయిదువేలో వంతు కూడా అక్కర్లేదు.

అదే చేలో తిరిగే పశువులకూ ఈ ముప్పు ఉంది, కాకపోతే అన్నిటికీ సమానంగా లేదు. అన్నిటికన్నా తేలిగ్గా లొంగిపోయేది గుర్రం. గొర్రెలు, మేకలు ఆ తర్వాత. ఆవులు, ఎడ్లు కొంత తట్టుకుంటాయి, కుక్కలూ పిల్లులూ ఇంకా ఎక్కువ తట్టుకుంటాయి. కోళ్ళకు దాదాపు రాదనే చెప్పాలి. మాచర్ల పేరుతో ఒక గొర్రె జాతే ఉన్న ప్రాంతంలో ఈ తేడా తెలిసి ఉండటం అవసరం. గొర్రెపిల్లలకు విత్తులు కొట్టించినప్పుడు, చెవికి ట్యాగు వేసినప్పుడు, ఈనిన తల్లికి మాయ పడక ఇబ్బందైనప్పుడు గాయంలోకి మట్టి చేరితే చాలు. జబ్బు పట్టిన జీవం నాలుగు కాళ్ళూ కొయ్యబొమ్మలా చాపి నిలబడుతుంది. చెవులు నిక్కబొడుచుకుంటాయి, తోక బిగుస్తుంది, కంటి లోపలి మూల నుంచి మూడో రెప్ప కనుగుడ్డు మీదికి జారుతుంది. ఎద్దయితే నెమరు ఆగిపోయి, త్రేన్పు రాక పొట్ట ఉబ్బుతుంది. పక్కన బకెట్టు చప్పుడైనా ఒళ్ళంతా ఈడ్చుకుపోతుంది.

1884లో ఇటలీలోని టూరిన్‌లో కార్లే, రాటోనే అనే ఇద్దరు ధనుర్వాతంతో చనిపోయిన మనిషి గాయంలోని చీమును కుందేళ్ళకు ఎక్కించి, ఇది అంటించగల జబ్బని రుజువు చేశారు. అదే ఏడు జర్మనీలో నికొలాయర్ తోటమట్టితోనే జంతువులకు ఈ జబ్బు తెప్పించాడు. బాక్టీరియాను మాత్రం విడిగా పెంచడం ఎవరివల్లా కాలేదు. 1889లో బెర్లిన్‌లో కోఖ్ ప్రయోగశాలలో పనిచేస్తున్న జపాన్ వైద్యుడు కితసాటో దాని మొండితనాన్నే వాడుకున్నాడు. చీమును 80 డిగ్రీలకు వేడిచేస్తే మిగతా సూక్ష్మజీవులన్నీ చచ్చాయి, ఇది మిగిలింది. ఆక్సిజన్ లేకుండా హైడ్రోజన్‌లో ఉంచితే పెరిగింది.

మరుసటి ఏడు డిసెంబరులో సహచరుడు బేరింగ్‌తో కలిసి అతను ప్రకటించిన ఫలితం వైద్యాన్ని మలుపు తిప్పింది. ధనుర్వాతాన్ని తట్టుకునేలా తయారుచేసిన కుందేలు రక్తాన్ని ఎలుకలకు ఎక్కిస్తే, వాటికీ రక్షణ వచ్చింది. అంటే ఒక ప్రాణి తయారుచేసుకున్న విరుగుడును ఇంకో ప్రాణికి అరువివ్వొచ్చు. వైద్యంలో తొలి నోబెల్ బహుమతి 1901లో బేరింగ్‌కు వచ్చింది. కితసాటోకు రాలేదు. అది అన్యాయమే.

ఎలుకకు కుందేలు చాలు, మనుషులకు సరిపడా సీరం కావాలంటే పెద్ద జంతువు కావాలి. అలా గుర్రం వచ్చింది. ఈ జబ్బుకు అందరికన్నా ముందు పడిపోయే జంతువే అందరికీ విరుగుడు ఇచ్చే జంతువైంది. ఫ్రాన్స్‌లో పశువైద్యుడు నొకార్ ముందుగా గుర్రాలకే దీన్ని వాడి, శస్త్రచికిత్సకు ముందు ఇస్తే జబ్బు రాదని 1890లలోనే చూపించాడు. మనుషుల్లో దాని సత్తా మొదటి ప్రపంచ యుద్ధంలో తేలింది. ఎరువు పడిన పొలాల్లో తవ్విన కందకాల్లో బ్రిటిష్ సైనికులు గాయపడ్డారు. 1914 సెప్టెంబరులో వెయ్యి మంది క్షతగాత్రుల్లో 8 మందికి పైగా ధనుర్వాతం వచ్చింది. గాయమైన ప్రతివాడికీ సీరం ఇవ్వడం మొదలుపెట్టాక ఏడాది చివరికి ఆ సంఖ్య రెండుకు లోపే.

అంతకుముందే అమెరికాలో ఒక ఘోరం జరిగింది. సెయింట్ లూయిస్ నగరంలో జిమ్ అనే గుర్రం కంఠసర్పి విరుగుడు కోసం ఏళ్ళ తరబడి రక్తం ఇచ్చింది. 1901 అక్టోబరు మొదట్లో దానికి ధనుర్వాతం వచ్చింది, చంపేశారు. జబ్బు బయటపడకముందు తీసిన రక్తంలో అప్పటికే విషం ఉంది. ఆ సీరాన్ని పరీక్షించకుండానే పంపారు. 13 మంది పిల్లలు చనిపోయారు. ఔషధ సీరంలను, టీకాలను ప్రభుత్వం తనిఖీ చేయాలన్న అమెరికా చట్టం 1902లో వచ్చింది. ఈనాడు ప్రతి బ్యాచ్‌కూ జరిగే పరీక్షల వెనక ఆ పిల్లలున్నారు.

నేటికీ పద్ధతి మూలం అదే. గుర్రానికి విషపు కోరలు తీసిన టాక్సాయిడ్‌ను విడతలుగా ఎక్కిస్తారు. మెడలోని సిర నుంచి రక్తం తీసి, ప్లాస్మా ఉంచుకుని, ఎర్రకణాలను తిరిగి దానికే ఎక్కించవచ్చు. ప్లాస్మాలోని ప్రతిరక్షకాలను పెప్సిన్‌తో ముక్కలు చేసి శుద్ధి చేస్తారు. హైదరాబాద్ కేంద్రంగా విన్స్ బయోప్రొడక్ట్స్ అనే సంస్థ గుర్రాల నుంచి ఇలాంటి విరుగుళ్ళు తయారుచేస్తోంది. గుర్రం ప్రొటీన్ కొందరికి పడదు, ఒక్కోసారి ప్రాణం మీదికి వస్తుంది. అందుకే మనిషి రక్తం నుంచి తీసిన ఇమ్యునోగ్లోబులిన్ దొరికితే వైద్యులు దానికే మొగ్గుతారు. దాని ధర ఎక్కువ.

ఏ సీరానికైనా ఒక హద్దుంది. విషం గాయం నుంచి నరం వెంట వెన్నుపాము చేరుతుంది. కండరాన్ని సడలించే సంకేతాలను అక్కడ ఆపేస్తుంది, కండరం బిగుసుకుంటుంది. రక్తంలో తిరుగుతున్న విషాన్ని విరుగుడు పట్టుకోగలదు కానీ, నరంలోకి దూరిన దాన్ని ముట్టుకోలేదు. దవడ బిగిశాక రోగిని చీకటి గదిలో ఉంచి, మందులతో కండరాలు సడలించి, అవసరమైతే వెంటిలేటర్ మీద వారాల తరబడి కాపాడుకోవాల్సిందే. కోలుకున్నవాడికీ టీకా వేయాలి. జబ్బు తెచ్చిన విషం శరీరానికి పాఠం నేర్పలేనంత కొద్దిపాటిది.

ఆ పాఠం నేర్పే టాక్సాయిడ్‌ను 1920లలో ఫ్రెంచి పశువైద్యుడు గాస్టన్ రామోన్ ఫార్మాలిన్, వేడి సాయంతో సాధించాడు. 1953లో హైదరాబాద్‌లో పుట్టిన బయలాజికల్ ఇ, ధనుర్వాతం టీకాలు ఎక్కువగా తయారుచేసే ప్రపంచ సంస్థల్లో ఒకటైంది. ఒకప్పుడు దేశంలో ఏటా లక్షన్నర నుంచి 2 లక్షల మంది పసికందులకు ఈ జబ్బు వచ్చేది. మురికి కత్తితో బొడ్డు కోయడం, దాని మీద పేడ, బూడిద రాయడం అందుకు పెద్ద కారణం. గర్భిణులకు టీకా, ఆసుపత్రి కాన్పులు దాన్ని ఆపాయి. నవజాత ధనుర్వాతాన్ని నిర్మూలించినట్టు దేశంలో మొదట నిర్ధారణ పొందిన రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. అది 2003లో. దేశమంతటికీ 2015లో దక్కింది.

పసిపిల్లలు బయటపడ్డారు, పెద్దలు మిగిలారు. టీకాల కార్యక్రమం రాకముందు పుట్టిన రైతు, కాపరి, నాపరాయి గనిలో పనిచేసే కూలీ చాలామందికి చిన్నప్పుడు ఒక్క డోసూ పడలేదు. మేకు గుచ్చుకుంటే ‘టీటీ చేయించుకున్నాం కదా’ అనుకుంటారు. టీటీకి బదులుగా ఇప్పుడు వేస్తున్న టీడీ శరీరానికి నేర్పే టీకా. నేర్చుకోవడానికి వారాలు, ఒకటికి మించిన డోసులు పడతాయి. అసలెప్పుడూ టీకా పడనివాడికి లోతైన మురికి గాయమైతే ఆ రోజే కాపాడేది విరుగుడు ఇంజెక్షన్. రెండూ వేరు, అలాంటప్పుడు రెండూ కావాలి.

గాయాన్ని ముందు సబ్బుతో, ధార నీటితో బాగా కడగండి. ఆసుపత్రిలో డాక్టరు అడగకపోయినా, మీకు ఇంతకుముందు ఎన్ని డోసులు పడ్డాయో, చివరిది ఎప్పుడో చెప్పండి. గుర్తులేకపోతే లేదనే చెప్పండి. మందకు విత్తులు కొట్టించే ముందు పశువైద్యుడిని టాక్సాయిడ్ గురించి అడగండి. ఇంట్లో అరవై దాటినవాళ్ళుంటే గాయమయ్యేదాకా ఆగకుండా ఈ నెలలోనే పీహెచ్‌సీకి తీసుకెళ్ళి టీడీ మొదలుపెట్టించండి.